ఆగస్టు నెల తప్ప

అష్టశీలం, అంటే బౌద్ధుల ఎనిమిది నియమాలు, తీసుకున్న రోజున మా అమ్మ మధ్యాహ్నం దాటాక అన్నం తినదు, ఎత్తైన కుర్చీలో కూర్చోదు, పాటలు వినదు, అబద్ధం ఆడదు. మామూలు రోజుల్లోనూ ఆమె పెద్దగా తినేదేమీ లేదు. కుర్చీలో కూర్చునే తీరిక ఎప్పుడూ లేదు. పాటలు మా నాన్న వింటాడు. ఇక అబద్ధమంటే, నాకు తెలిసి ఆమె ఒక్కటే ఆడింది. అది మొన్నమొన్నటి దాకా నేపుల్స్‌లో ఒక చిన్న మ్యూజియం గోడ మీద రెండు భాషల్లో ఉండేది.

అమ్మ పేరు ప్రేమసీలి. పుట్టింది శ్రీలంకలో, కులియాపిటియ దగ్గర కొబ్బరి తోటల్లో. 1998లో నేపుల్స్ వచ్చి, మతెర్‌దేయి పేటలో సిన్యోరా ఓర్తెన్సియా అనే పెద్దావిడ ఇంట్లో పనికి కుదిరింది. సిన్యోరా అంటే అక్కడ అమ్మగారు. మొదటి రోజు హాలు ఊడుస్తూ తలెత్తి చూస్తే, మూలన స్టూలు మీద ఇత్తడి బుద్ధుడు కూర్చుని ఉన్నాడు. మూడడుగుల విగ్రహం. తల మీద బూడిదరంగు టోపీ ఉంది.

విగ్రహం, టోపీ రెండూ సిన్యోరా భర్తవి. ఆయన ఓడల్లో డాక్టరుగా తిరిగిన రోజుల్లో ఎక్కడి నుంచో విగ్రహాన్ని తెచ్చుకున్నాడు, తెచ్చుకున్న నాటి నుంచి ఇంటికి రాగానే టోపీ తీసి దాని మీద పెట్టేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా టోపీ అక్కడే ఉంది. అమ్మ దాన్ని తీసి గోడకున్న కొక్కేనికి తగిలించింది. సాయంత్రం సిన్యోరా దాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టింది. అలా మూడు నెలలు ఆ టోపీ రోజుకి రెండుసార్లు ప్రయాణం చేసింది. దాని గురించి ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. నాలుగో నెలలో సిన్యోరా టోపీని బీరువాలో పెట్టి తాళం వేసింది. గెలిచింది నేనేనని అమ్మ అనుకుంది. సిన్యోరా కూడా అలాగే అనుకుని ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు నుంచి ఇద్దరికీ బాగా కుదిరింది.

ఆ ఇంట్లో ఒకటే కట్టడి. పొయ్యి దగ్గర తప్ప ఎక్కడా నిప్పు కనిపించకూడదు. సిన్యోరా చిన్నప్పుడు ఒకసారి పరదా అంటుకుందట. అమ్మ అయిదేళ్ళు ఆ మాటకి కట్టుబడింది. 2003లో మా అమ్మమ్మ పోయింది. టికెట్టు దొరక్క అమ్మ వెళ్ళలేకపోయింది. ఆ సాయంత్రం సిన్యోరా చర్చికి వెళ్ళగానే, పిడి విరిగిన కాఫీ కప్పులో కొబ్బరినూనె పోసి, వత్తి వేసి, బుద్ధుడి పాదాల దగ్గర దీపం పెట్టింది. అరగంట తర్వాత ఆర్పేసి, కప్పు కడిగేసి, కిటికీలు తెరిచింది. ఒక్కరోజు కోసమనే మొదలుపెట్టింది. మర్నాడు కూడా సిన్యోరా చర్చికి వెళ్ళింది.

ఇంట్లో వాసన వస్తే, అది అమ్మ తలనూనె అని సిన్యోరా అనుకునేది.

రోజూ చూసే మసి కంటికి ఆనదు. పన్నెండేళ్ళు గడిచాక సిన్యోరాకి కంటిలో శుక్లాలు తీశారు. కట్టు విప్పిన మూడో రోజు ఆవిడ ఇల్లంతా కొత్తగా చూసుకుంటూ బుద్ధుడి ముందు ఆగి, "ప్రేమా, ఈ కాళ్ళ దగ్గర నల్లగా ఏమిటి?" అంది.

"వచ్చినప్పటి నుంచీ అలాగే ఉంది సిన్యోరా," అంది అమ్మ.

ఇన్నాళ్ళూ తన కళ్ళదే లోపమని సిన్యోరా నమ్మింది. అమ్మ దీపాన్ని జానెడు ముందుకి జరిపింది. కానీ అసలు చిక్కు అక్కడే మొదలైంది. ముందు నుంచీ ఉన్న మసి అని చెప్పాక దాన్ని తోమడానికి వీల్లేదు. ఇంట్లో చెంచాలు కూడా అద్దంలా మెరిపించే మనిషి, ఆ ఒక్క ఇత్తడిని మాత్రం తోమలేక రెండేళ్ళు చూస్తూ ఉండిపోయింది. 2017లో సిన్యోరా పోయింది. అప్పటికే విగ్రహాన్ని చూడ్డానికి వచ్చిన ఒక నిపుణుడికి ఆవిడ, "ఆ మసి మా ఆయన తెచ్చినప్పటి నుంచీ ఉంది, మా ప్రేమకి తెలుసు," అని చెప్పింది. ఆయన రాసుకున్నాడు. సిన్యోరా మేనల్లుడు విగ్రహాన్ని మ్యూజియానికి ఇచ్చేశాడు.

ఇదంతా అమ్మ నాకు చెప్పింది మొన్న సెప్టెంబరులో. నేను మా యూనివర్సిటీ వాళ్ళతో కలిసి ఆ మ్యూజియానికి వెళ్ళి, విగ్రహం పక్కన అట్ట మీద రాసింది చదివి, ఇంటికొచ్చి మామూలుగా చెప్పాను. 'పీఠం మీది దట్టమైన మసి, ఈ విగ్రహానికి దాని స్వదేశంలో తరతరాలుగా జరిగిన దీపారాధనకు అరుదైన సాక్ష్యం.' అమ్మ ఉల్లిపాయ కోస్తోంది. కోయడం ఆపి, నన్ను కూర్చోమంది.

"ఆయన కాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయా?" అంది అంతా చెప్పాక.

"అలాగే ఉన్నాయి."

"నోరు తెరిచి నిజం చెబితే కడుగుతారేమో."

"నాన్నకి తెలుసా?"

"మీ నాన్నకి చెబితే ఈ వీధి చివరి దాకా తెలుస్తుంది."

అక్టోబరులో పున్నమి పూజ మొదటి ఆదివారానికి వచ్చింది. ప్రతి నెలా మొదటి ఆదివారం మ్యూజియానికి టికెట్ అక్కర్లేదు. పైగా మా మేనత్త లీలావతి శ్రీలంకలోని కురునేగల నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. బడిపంతులమ్మగా రిటైరైంది, తను చూసినదానికల్లా మార్కులు వేస్తుంది. పొద్దున గుడి, భిక్షువులకి దానం, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం సముద్రం అని నాన్న ఏర్పాటు చేశాడు. అమ్మ ఆ ఏర్పాటుకి ఒక్క మాట జోడించింది: "నేను శీలం తీసుకుంటాను."

"మ్యూజియానికి పోయే రోజునా? ఆకలితో కళ్ళు తిరుగుతాయి," అన్నాడు నాన్న.

"తీసుకుంటాను," అంది అమ్మ.

మెట్రోలో అన్నం గిన్నె నా ఒళ్ళో, పనసకాయ కూర నాన్న ఒళ్ళో, పప్పు అమ్మ ఒళ్ళో. తెల్లచీర నలగకూడదని అత్త నిలబడే ఉంది. మా గుడి ఒకప్పుడు వడ్రంగి కొట్టు. షట్టరు ఎత్తితే లోపల బుద్ధుడు, ప్లాస్టిక్ తామరలు, కుండీలో బోధిమొక్క. అత్త గుమ్మంలో చెప్పులు విడిచి చుట్టూ చూసింది.

"ఇదేనా విమలా, గుడి? మా ఊళ్ళో సైకిలు షాపు ఇంతకంటే పెద్దది."

"ఇక్కడ అద్దెలు అలాంటివక్కా," అన్నాడు నాన్న. విమల అంటే మా నాన్నే.

"ఆ బోధిచెట్టుకి ఆకులు మూడే ఉన్నాయి."

"పోయిన ఏడాది రెండే, వదినా," అంది అమ్మ.

ఇంతలో మూడో అంతస్తు బాల్కనీ నుంచి తాడు మీద బుట్ట దిగింది. పున్నమి పూజ అంటే దోన్నా తితీనా అనే ముసలావిడకి కొబ్బరిపాలతో వండి ముక్కలుగా కోసే పాలన్నం కావాలి. బుట్టలో ఆరు నిమ్మకాయలు పంపింది. అమ్మ వాటిని తీసుకుని పాలన్నం ముక్కలు పెట్టి తాడు లాగింది. బుట్ట పైకి పోయింది. అత్త మెడ ఎత్తి చూస్తూ నిలబడింది.

"ఆవిడ బౌద్ధురాలా?"

"కాదత్తా, ఆకలి," అన్నాను.

శీలం ఇవ్వకముందు అమ్మ గుడిలోని పెద్ద భిక్షువు భంతేగారి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. నేను పళ్ళెం పట్టుకుని వెనకే ఉన్నాను కాబట్టి విన్నాను.

"భంతే, ఎప్పుడో ఆడిన అబద్ధం ఇంకా గోడ మీద రాసి ఉంటే, అది పాత అబద్ధం కిందికి వస్తుందా, రోజూ కొత్తగా ఆడినట్టా?"

భంతేగారు కళ్ళు మూసుకున్నారు.

"జనం చదువుతున్నారా?"

"మా అమ్మాయి చదివింది."

"ఆ చోటు రోజూ తెరిచి ఉంటుందా?"

"సోమవారం సెలవు, భంతే."

"అయితే వారానికి ఆరు," అన్నారాయన.

అమ్మ సాష్టాంగపడి లేచి వచ్చి, తెల్లబట్టలు కట్టుకున్న వాళ్ళ వరసలో అత్త పక్కన కూర్చుంది. అబద్ధం ఆడనని చెప్పే నాలుగో శీలం దగ్గర అందరికంటే గట్టిగా పలికింది. అత్త ఒక కన్ను తెరిచి ఆమె వైపు చూసింది. పదకొండున్నరకి భంతేగార్లకి దానం అయ్యింది, పన్నెండులోపు శీలం తీసుకున్నవాళ్ళ భోజనాలూ అయ్యాయి. ఆ తర్వాత నాన్న ఒక్కడే మిగిలిన కూర వైపు స్వేచ్ఛగా వెళ్ళాడు.

మ్యూజియానికి కొండ ఎక్కాలి. దారిలో నాన్న నెయ్యి ఓడుతున్న పఫ్ లాంటిదొకటి కొనుక్కుని తింటూ నడిచాడు.

"మా ముందు తినకపోతే ఏం పోయింది నీకు?" అంది అత్త.

"వాసన మీకూ వస్తుంది కదా, ఊరికే. వాసన చూడకూడదని శీలంలో లేదక్కా."

"సుగంధాలు కూడదని ఉంది. ఏడోది."

నాన్న రోడ్డు అవతలి వైపుకి వెళ్ళి తిన్నాడు.

తూర్పు దేశాల గది మ్యూజియంలో రెండో అంతస్తులో ఉంది. గుమ్మంలోంచే బుద్ధుడు కనిపించాడు. మా అమ్మ, అత్త ఒకరినొకరు చూసుకోకుండానే ఆగి, చెప్పులు విడిచి, గోడవారగా జతలుగా పెట్టి లోపలికి నడిచారు. కుర్చీలో కూర్చున్న కాపలామనిషి ఫిలొమేనా లేచి వచ్చింది. పొడుగ్గా, నడుంనొప్పి మనిషి.

"సిన్యోరా, చెప్పులు."

"విడిచాం," అంది అమ్మ.

"అదే అడుగుతున్నాను. ఎందుకు విడిచారు?"

"ఆయన ఉన్నాడు కదా."

ఫిలొమేనా బుద్ధుడిని చూసింది. ఇన్నాళ్ళూ ఆయన ఉన్న సంగతి తనకెవరూ చెప్పనట్టు చూసింది. "రాతినేల చల్లగా ఉంటుంది, జలుబు చేస్తుంది," అని వెళ్ళి కూర్చుంది.

విగ్రహం ముందు ఒక కుర్రజంట నిలబడి, బుద్ధుడికి వీపు తిప్పి, ఫోను ఎత్తి ఫోటో తీసుకుంటున్నారు. మా దేశంలో అలా నిలబడితే పోలీసులు వస్తారు.

"వీపు పెట్టారే ఆయనకి. వీళ్ళకి తల్లిదండ్రులు లేరా?" అంది అత్త.

"ఉన్నారు వదినా. కానీ వాళ్ళకీ తెలియదు," అంది అమ్మ. ఆమె వాళ్ళని చూడడం లేదు. విగ్రహం చుట్టూ కట్టిన తాడుకి ఇవతల, ఆయనకి ఎదురుగా, పాదాల దగ్గరి మసిని చూస్తోంది. చేతిసంచిలోంచి తెల్ల రుమాలు తీసి చేతిలో నలిపింది.

"పద, చదువు," అంది నాతో.

నేను అట్ట మీద రాసింది చదివాను. అమ్మ తలూపింది. ఎవరికి చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో మాకిద్దరికీ తెలియలేదు. నేనే వెళ్ళి ఫిలొమేనాని అడగాలి. అడగడానికి రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ చైనా కూజాల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

అప్పుడే ఒక గుంపు లోపలికి వచ్చింది. ముందు నడుస్తున్నాయన దొత్తోర్ పాలూంబో. ఈ గది ఆయన చేతి కింద ఉంటుంది. మొదటి ఆదివారాల్లో తనే తిప్పి చూపిస్తాడు. సన్నగా, సంతోషంగా ఉన్నాడు. ఈ మసి గురించి తను నలభై పేజీల వ్యాసం రాశానని గుంపుకి చెబుతూ వచ్చి, తెల్లబట్టల్లో ఉత్తికాళ్ళతో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళని చూసి, వెతుక్కుంటున్న వస్తువు దొరికినవాడిలా ఆగాడు.

"సిన్యోరా, మీది శ్రీలంకేనా?"

"అవును," అంది అమ్మ.

"ఎంత అదృష్టం. చూడండి, పుస్తకాలు చదివి చెప్పేది వేరు. మీరు చిన్నప్పటి నుంచి దీపాలు పెట్టినవారు. ఇంత మసి పట్టాలంటే ఎన్నేళ్ళు పడుతుంది? నూరా? రెండు నూర్లా?"

గుంపులో పదిహేను మంది అమ్మ వైపు తిరిగారు. నాన్న చైనా కూజాల దగ్గర్నుంచి నవ్వుతూ చూస్తున్నాడు, భార్యని పెద్దమనుషులు సలహా అడుగుతున్నారని.

"పద్నాలుగేళ్ళు," అంది అమ్మ.

పాలూంబో మర్యాదగా నవ్వాడు. "అంత కచ్చితంగా ఎలా చెప్పగలరు?"

"ఆగస్టు నెల తప్ప. ఆగస్టులో సిన్యోరా ఇస్కియా దీవికి పోయేది, నన్నూ తీసుకుపోయేది. అప్పుడు వెలిగించలేదు."

అమ్మ మాట్లాడే ఇటాలియన్ సిన్యోరా దగ్గర నేర్చుకున్నది, అచ్చమైన మతెర్‌దేయి పేట భాష. ఆ భాషలో చెప్పినదాన్ని నేపుల్స్‌లో ఎవరూ ఇంకోలా అర్థం చేసుకోలేరు. పాలూంబో కళ్ళజోడు తీశాడు.

"ఏ సిన్యోరా?"

"ఓర్తెన్సియా. ఆవిడ చర్చికి పోయినప్పుడు వెలిగించేదాన్ని. నిప్పు వద్దంది, దొంగతనంగా వెలిగించాను. మసి ఎక్కడిదని అడిగితే ముందు నుంచీ ఉందన్నాను. అది అబద్ధం. ఆవిడ మీవాళ్ళకి చెప్పింది నిజమనుకునే చెప్పింది, ఆవిడ తప్పు లేదు."

గుంపులో ఒక ముసలాయన అడిగాడు: "మరి పద్దెనిమిదో శతాబ్దం అన్నారు?"

"విగ్రహం పద్దెనిమిదో శతాబ్దమే," అన్నాడు పాలూంబో నెమ్మదిగా.

"మసి 2003," అంది అమ్మ.

నాన్న ముఖంలో నవ్వు పోయింది. గబగబా వచ్చి, "మాకు రైలుకి టైమైంది," అన్నాడు. మా ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక.

అత్తకి ఇటాలియన్ రాదు. నా మోచేయి పట్టుకుని లాగింది. "ఏమంటోందే మీ అమ్మ? వాళ్ళంతా అలా చూస్తారేం?"

నేను చెవిలో అంతా చెప్పాను. అత్త బుద్ధుడి పాదాల వైపు చూసింది.

"పద్నాలుగేళ్ళా?"

"అవునత్తా."

"రోజూనా?"

"ఆగస్టు తప్ప."

అత్త వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "గుడి పక్కనే ఇల్లు పెట్టుకుని నేను కూడా అన్నిసార్లు వెలిగించలేదు," అంది చివరికి. వెంటనే, "మీ అమ్మతో అనకు," అంది. తర్వాత నాన్న వైపు తిరిగింది. "రైలు లేదు, ఏమీ లేదు. నోరు మూసుకుని నిలబడు విమలా. అమ్మాయి శీలంలో ఉంది."

అమ్మని ఆమె అమ్మాయి అనడం మేము వినడం అదే మొదటిసారి.

పాలూంబో గుంపుని ఫిలొమేనాకి అప్పగించి, అమ్మని పక్కకి పిలిచాడు. కోపంగా లేడు. జేబులో ఇంటి తాళాలు లేవని మెట్ల మీద తెలిసిన మనిషిలా ఉన్నాడు.

"నూనె కొబ్బరిదేనా?"

"కొబ్బరిదే."

"పరీక్షలో కొబ్బరి అనే వచ్చింది. అదొక్కటీ నేను సరిగ్గానే రాశాను." కళ్ళజోడు తుడిచాడు. "ఇప్పుడెందుకు చెప్పారు సిన్యోరా? ఎవరికీ తెలిసేది కాదు."

"మీరు అడిగారు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

అమ్మ గుక్క తిప్పుకోకుండా అసలు సంగతికి వచ్చింది. "పాతది కాదని తేలిపోయింది కదా. ఇక కడిగెయ్యొచ్చు. నా దగ్గర ఆరు నిమ్మకాయలున్నాయి. జల్లించిన బూడిద కొంచెం ఇప్పిస్తే గంటలో ఆయన కాళ్ళు మెరుస్తాయి. సబ్బు మాత్రం వద్దు, మచ్చలు పడతాయి." సంచి తెరిచి నిమ్మకాయలు చూపించింది.

పాలూంబో రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దు సిన్యోరా. దయచేసి. ముట్టుకోవద్దు."

"మీరు తోమినా సరే. నేను పక్కన నిలబడి చెబుతాను."

"నేను పైవాళ్ళకి రాయాలి. వాళ్ళు నిర్ణయిస్తారు."

ఆ సాయంత్రం సముద్రం ఒడ్డున నాన్న, పోలీసులు ఎప్పుడు వస్తారో, ఏమేం అడుగుతారో మనసులో లెక్కవేసుకుంటున్నాడు. అమ్మ పంచదార లేని టీ తాగుతూ, "చెప్పేశాను," అంది ఎవరితోనో. నిమ్మకాయలు మర్నాడు ఊరగాయ అయ్యాయి.

పోలీసులు రాలేదు. జనవరి చివర్లో ఉత్తరం వచ్చింది, మ్యూజియం ముద్రతో. అమ్మ పూర్తి పేరు, పుట్టిన ఊరు, పని చేసిన ఏళ్ళు ధ్రువీకరించమని అడిగారు. నాన్న ఆ ఉత్తరాన్ని మూడు రోజులు టీవీ కింద దాచాడు. ఫిబ్రవరి మొదటి ఆదివారం మేం ముగ్గురం వెళ్ళాం. అత్త అప్పటికి కురునేగల చేరిపోయింది.

అట్ట మారింది. అమ్మ నన్ను చదవమంది. నేను తర్జుమా చేస్తూ చదివాను.

"'పీఠం మీది మసి, నేపుల్స్‌లో ఒక ఇంట్లో పనిచేసిన ప్రేమసీలి అనే శ్రీలంక మహిళ 2003 నుంచి 2017 వరకు, ఆగస్టు నెలలు తప్ప, ప్రతి సాయంత్రం వెలిగించిన కొబ్బరినూనె దీపాలది.'"

"ఆగస్టు కూడా వేశారా?"

"వేశారు."

"మంచిది. అంతా నిజమే." అమ్మ పాదాల వైపు చూసింది. "మరి కడగలేదేం?"

నేను కింది వాక్యం చదివాను. "'వలస వచ్చినవారి ఇంటి ఆరాధనకు ఇలాంటి ఆనవాలు మరెక్కడా లేనందున, మసిని ఉన్నది ఉన్నట్టుగా భద్రపరచడమైనది.'"

అమ్మ మళ్ళీ చదవమంది. చదివాను.

"అంటే ఎప్పటికీ కడగరా?"

"కడగరమ్మా. ఇప్పుడు జనం దాన్ని చూడ్డానికే వస్తారట."

నాన్న అట్ట ముందు నిలబడి అమ్మ పేరుని ఫోటో తీశాడు, బుద్ధుడికి వీపు తగలకుండా పక్కకి వంగి. అమ్మ రుమాలు మడిచి సంచిలో పెట్టుకుంది. అబద్ధం ఆడి రెండేళ్ళు కడగలేకపోయింది. నిజం చెప్పాక ఇక ఎప్పటికీ కడగడానికి లేదు. మెట్లు దిగేటప్పుడు, "మా అమ్మ చూస్తే ఏమనుకుంటుంది, ఆ కాళ్ళని," అంది.

ఇప్పుడు ప్రతి మొదటి ఆదివారం అమ్మ వెళ్ళి వస్తుంది. ఆమె చెప్పుల కోసం ఫిలొమేనా గోడవారగా పాత న్యూస్‌పేపరు పరుస్తోంది. రెండున్నరకి ఫిలొమేనా కాఫీకి లేచి వెళుతుంది, అయిదు నిమిషాల్లో వస్తుంది. ఈ సంగతి అమ్మ ఎవరినీ అడగకుండానే తెలుసుకుంది.

పోయిన వారం అత్త ఫోన్ చేసినప్పుడు స్పీకరులో విన్నాను.

"ఎనిమిది శీలాలూ మళ్ళీ చదివాను, ప్రేమా. బుద్ధుడి కాళ్ళు తుడవకూడదని ఎక్కడా లేదు."

"లేదు వదినా. కానీ తాడు కట్టారు కదా."

"ఎంత ఎత్తుంది?"

"నా మోకాలి దాకా కూడా రాదు," అంది అమ్మ. రుమాలు ఇస్త్రీ చేస్తోంది.